తాడెందుకని అడగని జనం

పొడుగాయన గోతిలో పడ్డప్పుడు తాళ్ళవాళ్ళ మేస్త్రి పక్క వరసలోనే తాడు పేనుతున్నాడు.

తాడు పేనేవాడు వెనక్కి నడుస్తాడు. నడుముకు నార చుట్టుకుని, రెండు చేతులా పాయ వదులుతూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తాడు. బాట మొదట్లో చక్రం దగ్గర ఒక మనిషి కూర్చుని ఉంటుంది. తాడుకు పురి ఎక్కించేది ఆమే, పేనేవాడి వీపు వెనక ఏముందో చూసేదీ ఆమే. కుక్క అడ్డమొచ్చినా, బండి అడ్డమొచ్చినా "ఆగూ" అని కేక పెడుతుంది. వాడు ఆగుతాడు. వెనక్కి మాత్రం చూడడు, చూస్తే పాయ వదులవుతుంది. రెండు వందల గజాల తాళ్ళబాట మీద పొడుగాయన ముప్పై ఏళ్ళు అలాగే నడిచాడు.

ఆ పొద్దున కూడా చక్రం అత్త కేక పెట్టింది. అరవై దాటినా ఆమె గొంతు కంచు. కానీ బాట చివర పసుపు రంగు తవ్వే యంత్రం అంతకంటే గట్టిగా రొద పెడుతోంది. పొడుగాయన వెనక్కి అడుగు వేశాడు. కాలి కింద నేల లేదు.

నిన్న సాయంత్రం దాకా అక్కడ గొయ్యి లేదు. తెల్లారేలోగా నిలువెత్తు లోతున తవ్వి పెట్టారు. మేస్త్రి పరిగెత్తి చూసేసరికి పొడుగాయన వెల్లకిలా పడి ఉన్నాడు. చేతిలో పాయ ఇంకా వదల్లేదు.

"కాళ్ళున్నాయా నాకు? చూడరా, ఉన్నాయా?" అని అడిగాడు.

ఎనిమిది మంది దిగి పైకి తీశారు. చేతులూపి ఆపమన్నా యంత్రం ఆగలేదు. కాంట్రాక్టరు తెల్లచొక్కా మీద దుమ్ము దులుపుకుంటూ తాపీగా వచ్చాడు.

"చూసుకు నడవద్దూ? కళ్ళు జేబులో పెట్టుకుని నడిస్తే నేనేం చేసేది?"

"గొయ్యి తవ్వుతున్నామని ఒక్క మాట చెప్పడానికి నీ నోరేమైనా అరిగిపోద్దా?" అంది చక్రం అత్త.

"ఊరి కమిటీ ఆఫీసు గోడకి నోటీసు అంటించాం ముసలమ్మా. చదువుకోనిది మీరు."

డాక్టరు రెండో రోజున చెప్పాడు, నడుము కింద ఇక పనిచెయ్యదని. ఆ సాయంత్రమే కమిటీ అధ్యక్షుడు పళ్ళ సంచీతో, ఫొటోలు తీసేవాడితో ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు.

"ఊరంతా ముందుకి పోతుంటే మీరింకా వెనక్కి నడుస్తామంటే ఎలాగయ్యా? ఎప్పటికైనా పడేవాళ్ళే కదా."

అక్కడ నలుగురు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. అప్పటికే అతను గోతి దగ్గర చూడాల్సింది చూసి వచ్చాడు.

నాలుగు నెలల కిందట కమిటీ తాళ్ళబాటను ఒక కంపెనీకి గిడ్డంగుల కోసం రాసిచ్చింది. పదేళ్ళు పన్ను లేదు. చెరువు నుంచి గొట్టం, అదీ ఉచితం. రెండు వందల ఉద్యోగాలొస్తాయని అధ్యక్షుడు మైకులో చెబితే జనం చప్పట్లు కొట్టారు. దాపరికం ఎందుకు, తాళ్ళవాళ్ళు కూడా కొట్టారు. బాట పోతుందని ఆ రోజు ఎవరూ చెప్పలేదు. "పక్క ఖాళీ జాగా" అన్నారంతే. ఏ పక్కో ఎవరూ అడగలేదు.

ఆ మర్నాడే కాంట్రాక్టరు మేస్త్రి గుమ్మం ముందు చెప్పులు విడిచి మరీ లోపలికొచ్చాడు. నాలుగు పాయల తాడు, బొటనవేలంత లావు, ఆరు వందల చుట్టలు కావాలన్నాడు. మేస్త్రి తాత ముత్తాతలు కూడా అంత బేరం చూసి ఉండరు. ముప్పై ఇళ్ళకు పని పంచాడు. ఆ రెండు నెలలూ ఆ వీధిలో పొయ్యి వెలగని ఇల్లు లేదు. మేస్త్రి మీసం కాస్త పైకి లేచింది.

తాడు ఎందుకని మాత్రం అడగలేదు. తాళ్ళవాళ్ళు అడగరు. తాడు బావిలోకి పోతుందో, పడవకు పోతుందో, ఏ దూలానికి పోతుందో పేనినవాడికి అనవసరం. అడిగితే ఆ పాపంలో పాలు పంచుకోవాలని పెద్దల మాట. ఆ మాట నేర్పాకే చేతికి నార ఇస్తారు.

పొడుగాయనను ఆసుపత్రికి చేర్చి తిరిగొచ్చిన మధ్యాహ్నం మేస్త్రి గోతి దగ్గరకు పోయాడు. పొద్దున లేని గుంజలు బాట చుట్టూ పాతి ఉన్నాయి. గుంజకూ గుంజకూ మధ్య మూడు వరసల తాడు బిగించి కట్టారు. చెయ్యి వేసి చూశాడు. చూడక్కర్లేదు కూడా. చివర వేసే ముడి తన ఇంటి ముడి. ఆరు వందల చుట్టలూ అక్కడే ఉన్నాయి. తాళ్ళవాళ్ళ బాటను తాళ్ళవాళ్ళ తాడుతోనే కట్టేశారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఎవరు చెప్పాలి?

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కంచంలో ముద్ద కలిపి వదిలేశాడు. పెళ్ళాం కనిపెట్టింది.

"ఏమైంది? నువ్వు తోశావా ఆయన్ని?" అంది.

"అంతకంటే తక్కువేం కాదే," అన్నాడు.

మూడో రోజు నారకొట్టంలో అందరూ కూడారు. పని ఆపి కూడటం అదే మొదటిసారి. ముప్పై ఇళ్ళవాళ్ళూ వచ్చారు. పడవలవాళ్ళు, మూటలు మోసే హమాలీలు, బావులు తవ్వేవాళ్ళు కూడా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. పేనిన తాడు పట్టుకు బతికేది వాళ్ళే. పొడుగాయన కూతురు ఆసుపత్రి నుంచి సరాసరి వచ్చింది. కాలేజీ చదువుతున్న పిల్ల. కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు తడబడలేదు.

మేస్త్రి బావమరిది మాత్రం కొత్త ఖాకీ చొక్కా వేసుకొచ్చాడు. గిడ్డంగికి గార్డుగా మొదటి ఉద్యోగం అతనికే ఇచ్చారు.

"జరిగిందేదో జరిగింది. డబ్బిప్పిస్తామంటున్నారు," అన్నాడు. "ఉద్యోగాలొస్తున్నాయి. చేతికి బొబ్బలు లేని పని. మీ పిల్లలు కూడా నార ఏరుకుంటూనే బతకాలా?"

"నీకేం పని ఇచ్చార్రా?" అంది చక్రం అత్త.

"గార్డు."

"దేనికి కాపలా?"

"గిడ్డంగికి."

"ఎవరి నుంచి?"

బావమరిది కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. కొట్టంలో నవ్వులు లేచాయి. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

పొడుగాయన కూతురు లేచింది. "నిన్న నేనూ, పడవల బాబాయీ బస్సెక్కి పై ఊరు పోయొచ్చాం. పదిహేనేళ్ళ కిందట వాళ్ళూ ఇలాగే ఇచ్చారు. భూమి ఇచ్చారు, నీళ్ళిచ్చారు, పన్ను వదిలేశారు. అక్కడా రెండు వందల ఉద్యోగాలే చెప్పారు. ఊళ్ళోవాళ్ళకు దొరికినవి అడిగి లెక్కపెట్టుకొచ్చాం. గార్డులు పదకొండు మంది, ఊడ్చేవాళ్ళు ఆరుగురు. యంత్రాలు నడిపేవాళ్ళు బయటినుంచి వచ్చారు. పన్ను గడువు అయిపోగానే కంపెనీ తాళం వేసుకుని ఇంకో ఊరు పోయింది. బావుల్లో నీళ్ళు లేవు. బుట్టలల్లేవాళ్ళ వీధిలో మనుషులే లేరు."

"తాళం కూడా నేను చూశాను," అన్నాడు పడవలాయన. "తుప్పు పట్టి ఉంది. లోపల పావురాలున్నాయి. అభివృద్ధి అంతా వాటికే జరిగింది."

"అయితే ఏమంటావమ్మా?" ఒక హమాలీ విసుక్కున్నాడు. "ఏదీ రావద్దంటావా? ఇలాగే చద్దామా? నా కొడుక్కి పని కావాలి. నీ నాన్న పడ్డాడని నా కొడుకు పస్తుండాలా?"

 ఆ పిల్ల మొహం ఎర్రబడింది. మాట మాత్రం తూలలేదు.

"వద్దని కాదు పెదనాన్నా. ఎవడో వచ్చి ఇస్తే తప్ప మనకేం లేదని ముందే ఒప్పేసుకుంటున్నాం. నేను అడిగేది అది. మన నార ఎక్కడిది? మూడు చేతులు మారి వస్తుంది. అందరూ కలిసి కొంటే ఒక చేత్తో వస్తుంది. మన తాడు పడవలవాళ్ళకు కావాలి, బావులవాళ్ళకు కావాలి, మీకు కావాలి. మీరెందుకు బజారులో కొంటున్నారు?"

"మీ తాడు మాకు దొరికితే గదా. షావుకారు పట్టుకుపోతాడు," అన్నాడు హమాలీ.

"అదీ! ఇక్కడ పుట్టిన సొమ్ము ఇక్కడ నాలుగిళ్ళు తిరక్కుండానే ఊరు దాటిపోతోంది. కమిటీ కంపెనీవాడికిచ్చిన నీళ్ళు మన నార నానబెట్టే తొట్లకిమ్మని అడిగామా ఎప్పుడైనా? వాడికి వదిలేసిన పన్ను మనకు వదలమని అడిగామా? వాడు అడిగాడు, ఇచ్చారు. మనం చప్పట్లు కొట్టాం."

ఆ మాటకు మేస్త్రి లేచి నిలబడ్డాడు. 

"చప్పట్లు కాదమ్మా, నేను తాడే ఇచ్చాను," అన్నాడు.

అంతా చెప్పాడు. ముడి సంగతి చెప్పాడు. మీసం సంగతి కూడా చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ ఆరు వందల చుట్టలు అక్కడున్న ప్రతి చెయ్యీ పేనింది. అందరూ ఎవరి అరచేతులు వాళ్ళు చూసుకుంటున్నారు.

చక్రం అత్త చివరికి నోరు విప్పింది. "మన పెద్దోళ్ళు అడక్కూడదన్నారు. బానే ఉంది. వాళ్ళని గోతిలో ఎవరూ పడెయ్యలేదు కాబట్టి అన్నారు. ఇవాళ్టి నుంచి అడుగుదాం. తాడు కొనేవాణ్ణీ అడుగుదాం, భూమి తీసుకునేవాణ్ణీ అడుగుదాం. ఎందుకు, ఎవరికి, మాకేం మిగుల్తుంది అని. చెప్పినోడితోనే బేరం."

బావమరిది లేచి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే జనం తాడు దాటి లోపలికి వెళ్ళి, గోతుల వరస పొడవునా కూర్చున్నారు. వంద మంది పైమాటే. యంత్రం ముందుకు కదల్లేదు. ఆగనూ లేదు. రోజంతా అక్కడే నిలబడి పొగ వదులుతూ ఉంది. ఆ రొదకు పక్కవాడి మాట కూడా సగమే వినబడేది. ఎండ పెరిగింది. గాలి లేదు. మధ్యాహ్నం కాగానే ఇన్‌స్పెక్టరు రెండు బండ్లతో దిగి, అందరికంటే ముందు చక్రం అత్తను లేపాడు.

"నాకు మోకాళ్ళ నొప్పులు నాయనా, ఎత్తుకో," అందామె.

ఇద్దరు పోలీసులు ఎత్తుకున్నారు. బండి తలుపు మూసేదాకా వాళ్ళ ఇళ్ళ సంగతులు అడుగుతూనే ఉంది. బండి వెళ్ళిపోయాక ఆమె ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. స్టేషనుకు పోయినవాళ్ళకు "ఇక్కడికి ఎవర్నీ తేలేదు" అన్నారు. ఆ మాట వినగానే జనం దగ్గరదగ్గరగా జరిగి కూర్చున్నారు.

పొద్దు వాలే వేళకు కాంట్రాక్టరు మేస్త్రిని కంచె దగ్గరకు పిలిచాడు. గొంతు బెల్లం పాకంలా ఉంది.

"పెద్దవాడివి, నువ్వు చెబితే వింటారు. ఇంకో వెయ్యి చుట్టలు కావాలి నాకు. రేపే బయానా ఇస్తాను. నీ అల్లుడికి సూపర్‌వైజరు పని. ముసలమ్మ కూడా ఇంటికొచ్చేస్తుంది. ఏమంటావు?"

మేస్త్రి కంచె తాడు మీద చెయ్యి వేశాడు. అల్లుడు ఏడాదిగా ఖాళీ. కూతురు పుట్టింట్లోనే ఉంది. వెయ్యి చుట్టలంటే ముప్పై ఇళ్ళకు ఏడాది గంజి.

"తాడెందుకు?" అని అడిగాడు.

"ఏం?"

"వెయ్యి చుట్టల తాడు ఎందుకు కావాలి? దేన్ని కట్టడానికి? ఎవర్ని?"

కాంట్రాక్టరు మొహంలో పాకం విరిగింది. "ఎప్పట్నించి నేర్చావు ప్రశ్నలు?"

"నాలుగు రోజులైంది. మావాడు పడ్డప్పట్నించి."

మేస్త్రి వెనుదిరిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో బావమరిది కంచె అవతల నుంచి పిలిచాడు. చేతిలో లాఠీ ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"బావా, మాట విను. పొద్దున ఆరు బండ్లు వస్తున్నాయి. ఈసారి లాఠీలే కాదు. మమ్మల్ని కూడా ముందు వరసలో నిలబెడతారంట. అక్కని తీసుకుని ఇంటికి పో. నీకు దణ్ణం పెడతాను."

"ఆ మాట నాకొక్కడికే ఎందుకురా చెబుతావు?" అన్నాడు మేస్త్రి.

వెళ్ళి జనం మధ్యలో నిలబడి, యంత్రం రొదను మించి అరిచి, విన్నది విన్నట్టు చెప్పాడు. ఆరు బండ్లన్నాడు. లాఠీలే కాదన్నాడు. "పోయేవాళ్ళు ఇప్పుడే పోండి. చిన్నపిల్లలున్నవాళ్ళు పోండి. ఎవర్నీ ఒక్క మాట అనం."

పద్నాలుగు మంది లేచారు. తలలు వంచుకుని తాడు కింద నుంచి దూరి వెళ్ళారు. కొడుక్కి పని కావాలన్న హమాలీ కూడా లేచాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాసేపటికి వాళ్ళలో అతనొక్కడే తిరిగొచ్చాడు, కొడుకును వెంటబెట్టుకుని. ఇద్దరూ వచ్చి మేస్త్రి పక్కన కూర్చున్నారు. మిగతా పదమూడు మంది రాలేదు.

పొడుగాయన కూతురు నోటు పుస్తకం తీసింది. "అందరూ పేర్లు చెప్పండి. ఇంటి పేరు, పని, ఏ వీధి, అన్నీ చెప్పండి. ఒక కాగితం నాన్న దిండు కింద ఉంటుంది. ఒకటి పడవల బాబాయి అవతలి ఒడ్డుకు తీసుకెళ్తాడు. అత్తను తేలేదన్నట్టు రేపు మనల్నీ తేలేదంటారు. ఎవరెవరం ఇక్కడున్నామో రాసి ఉండాలి."

ఒకరి తరవాత ఒకరు చెప్పారు. నింపాదిగా, రేషను కార్డుకు చెప్పినట్టు చెప్పారు. బావులు తవ్వే ముసలాయన తన వయసు ఎంతో తేల్చుకోలేక పక్కవాళ్ళతో వాదన వేసుకున్నాడు. మేస్త్రి తన పేరు చెప్పి, "ఆరు వందల చుట్టలు పేనించినవాడు అని కూడా రాయి," అన్నాడు.

మేస్త్రి పెళ్ళాం వంతు వచ్చింది. ఆమె లేచి నిలబడింది. యంత్రం రొదలో కూడా కంచె అవతలికి వినబడేలా గొంతు పెంచి పేరు చెప్పింది, ఇంటి పేరు చెప్పింది, వీధి చెప్పింది.

"ఇంకా రాయి తల్లీ," అంది. "అదిగో, లాఠీ పట్టుకుని నిలబడ్డాడే, వాడి అక్క. వాణ్ణి ఎత్తుకు పెంచిన అక్క. రేపు నా మీద ఎవరి దెబ్బ పడిందో కనుక్కోవాలంటే వాణ్ణే అడగాలని రాయి."

ఆ పిల్ల అలాగే రాసింది.