ఒక్కసారి తడితే

దర్జీ ఇంట్లో తలుపు మూడుసార్లు తడితేనే తీసేవారు. అది ఇంటివాళ్ల గుర్తు. ఒక్కసారే తట్టారంటే అప్పులవాళ్లని లెక్క. కుట్టుమిషను ఆపేసి అందరూ ఊపిరి బిగబట్టి కూర్చునేవారు.

చివరికి భార్య పోరు పడలేక, అప్పుల్లో కూరుకుపోయినవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి మేడమ్ బాకీ ఎంతని అడగనే లేదు.

"ఇంటద్దెకీ తిండికీ కరెంటుకీ ఎంతవుతుంది? ముందు అవి పక్కన పెడదాం. మిగిలిందే వాళ్లకి," అంది.

ఇన్నాళ్లూ తాను కొలత తీసుకోకుండానే బట్ట కత్తిరిస్తున్నానని దర్జీకి అప్పుడు తెలిసింది. అప్పులవాళ్లకు ఆమే ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు, బతిమాలనూ లేదు. నెలనెలా అతను కట్టగలిగినంతకే వాళ్లను ఒప్పించింది. ఇంతటి మనిషికి ఏమిచ్చుకోగలనని దర్జీ జేబు తడుముకున్నాడు.

"అందులో ఉంటే నా దగ్గరికెందుకొస్తారన్నయ్యా," అని ఆమె నవ్వేసింది.

ఆ సాయంత్రం తలుపు ఒక్కసారే చప్పుడైంది. భార్య గబగబా వచ్చి మిషను ఆపబోయింది. దర్జీ కుడుతూనే అన్నాడు:

"వెళ్లి తలుపు తియ్యి. బట్టలు కుట్టించుకోడానికేమో. ఇన్నాళ్లూ అలా ఎంతమందిని పంపేశామో ఏమిటో."