తడి తగిలితే లేచే రంగు

గిన్నెల నురగలో రంగులు చూస్తూ నిలబడిపోవడం ఆమెకున్న పాత జబ్బు. పొద్దున్న హడావిడి అయిపోయి, భర్త ఆఫీసుకీ కూతురు స్కూలుకీ వెళ్ళాక, సింకు నిండా అంట్లు. స్క్రబ్బరు పిండితే బుడగ లేస్తుంది. దానిమీద ముందు ఊదా, తర్వాత ఆకుపచ్చ, ఇంక పగిలిపోతుందనగా పేరు పెట్టలేని ఒక వెండి రంగు. ఆ వెండి కోసమే ఆమె నిలబడిపోతుంది. పంపు కారుతూనే ఉంటుంది. హాల్లోంచి అత్తగారు, "ఏమ్మా, తోముతున్నావా, తపస్సు చేస్తున్నావా?" అంటుంది. ఆవిడ పదిహేనేళ్ళుగా ఆ మాటే అంటోంది, ఈమె పదిహేనేళ్ళుగా నవ్వుతోంది. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నీళ్ళు తగలగానే వేళ్ళ సందులు భగ్గుమన్నాయి.

అప్పటికి నాలుగు నెలలైంది. ముందు దురద, తర్వాత ఆవగింజలంత నీటి పొక్కులు, ఆ తర్వాత పగుళ్ళు. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ డాక్టరమ్మ వీపు మీద వరసగా పట్టీలు అంటించి, రెండు రోజులు తడపొద్దు, చెమట పట్టనివ్వొద్దు అంది. ఈ ఇంట్లో రెండు రోజులు చెమట పట్టకుండా ఎలా ఉండాలో మాత్రం ఆవిడ చదివిన చదువులో లేదు పాపం. పట్టీలు తీస్తే ఒక్క గడి ఎర్రగా పొంగి ఉంది. వస్తువులు పాడవకుండా కలిపే మందట, నోరు తిరగని పేరు. అది వేటిలో ఉంటుందో అచ్చువేసిన కాగితం ఒకటి చేతికిచ్చింది.

ఆ కాగితం భర్త కారులోనే చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మొదటి లైను చదివాడు, మడిచాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "చూశావా? ఆక్రిలిక్ రంగులు. నీ బొమ్మలే! నేను మొదటి రోజే అన్నానా లేదా?" ఇంటికొచ్చాక వాళ్ళమ్మకి, ఫోన్లో వాళ్ళక్కకి, మెట్ల మీద కనిపించిన పక్కింటాయనకి, అందరికీ అదే కబురు. "మా ఆవిడకి రంగులు పడవట." చెప్పొద్దూ, ఆయన గొంతులో బాధ ఉంది, ఆ బాధ వెనకాల ఏదో పీడ వదిలినంత తేలికా ఉంది. అత్తగారు నిట్టూర్చి, "పోనీలేమ్మా, ఇన్నాళ్ళు వేసుకున్నావుగా" అంది.

వేసుకున్నావుగా! ఆ ఇంట్లో ఆమె వంట చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది, ఇల్లు తుడుస్తుంది. బొమ్మలు మాత్రం వేసుకుంటుంది. నాలుగు పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేసింది, అట్టల మీద పేరు అచ్చులో ఉంది, అయినా అది వేసుకోవడమే. పడగ్గది కిటికీ పక్కన రెండున్నర అడుగుల బల్ల ఆమె ఆఫీసు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా ఆఫీసు వేళలు. ఆ ఆఫీసులోకి ఎవరైనా ఎప్పుడైనా తలుపు తోసుకుని రావచ్చు, ఇస్త్రీ బట్టల దొంతర తెచ్చి బొమ్మ మీదే పెట్టి పోవచ్చు.

ఇప్పుడు చేతిలో ఉన్నది అయిదో పుస్తకం. దారి తప్పిన ఒక నది కథ. పన్నెండు బొమ్మల్లో ఏడు అయ్యాయి, అయిదు మిగిలాయి, గడువు ఇంకా ఏడు వారాలు. ఆ రాత్రి మందు రాసిన చేతులు దుప్పటికి తగలకుండా గాల్లో పెట్టుకుని పడుకుని, ఆమె ఆ మిగిలిన అయిదింటినీ పైకప్పు మీద చూసుకుంది. సున్నం పెచ్చు ఊడిన చోట నది మలుపు తిరిగింది. ఫ్యాను రెక్కల నీడలు కొంగలై గట్టు మీద వాలాయి. నది ఆమె వైపు తిరిగి, ఇక్కణ్ణుంచి ఎటు పోవాలని అడిగింది. ఎటు పోవాలో ఆమెకి తెలుసు, తీసుకెళ్ళే వేళ్ళు లేవు. దుఃఖం తన్నుకొచ్చింది. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, తుడుచుకుంటే చేతులు మండుతాయి. అందుకని ఏడుపు కూడా వాయిదా వేసుకుంది.

మర్నాడు ఉతకబోయే చొక్కా జేబులు తడుముతుంటే ఆ కాగితం దొరికింది. పర్సులో వేసుకుని, ఎనిమిదేళ్ళుగా తాను రంగులు కొనే కొట్టుకి వెళ్ళింది. కొట్టావిడ అరవై దాటిన మనిషి, గోళ్ళలో ఎప్పుడూ ఏదో ఒక నీలం. కాగితం విప్పి, మొదటి లైను దగ్గర ఆగకుండా కిందిదాకా గట్టిగా చదివింది.

"ఆక్రిలిక్ రంగులు. సరే. గిన్నెలు తోమే లిక్విడు. నేల తుడిచే లిక్విడు. బట్టల లిక్విడు." కళ్ళజోడు మీదుగా చూసింది. "ఆక్రిలిక్ మానేసి గ్వాష్‌కి రా తల్లీ. తుమ్మజిగురుతో కలిపే రంగు. నేను తెప్పించే దాంట్లో నీకు పడని మందు లేదు, ఇదే మందు పడని ఇంకొకావిడ కోసం ఇదివరకే కంపెనీవాళ్ళని అడిగి మరీ కనుక్కున్నాను. అది నేను మార్పిస్తాను. మరి ఈ మిగతా మూడూ ఎవరు మారుస్తారు?"

"చూద్దామండీ" అంది ఆమె. ఇంటికొచ్చే దారంతా ఆ ప్రశ్న పక్కనే నడిచింది. రంగులు ఆమెవి కాబట్టి ఆమె మార్చుకోవచ్చు. అంట్లు అందరివీ, వాటి జోలికి పోవాలంటే అందరితోనూ మాట్లాడాలి. ప్రాణంలాంటి పని వదులుకోవడం సులువుగానూ, సబ్బు మార్చమని అడగడం కష్టంగానూ ఎందుకుందో ఆమెకి అర్థం కాలేదు. కాలేదంటే అబద్ధం. అర్థమయింది, ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

గ్వాష్ ఆమెని మొదటి రోజే వెక్కిరించింది. ఆక్రిలిక్ ఆరిందంటే ప్లాస్టిక్ పొర. తప్పు పడితే దానిమీద ఇంకో పూత, దానిమీద ఇంకోటి, కిందేముందో ఎవడికీ తెలియదు. ఆ అలవాటునే, గోధుమ రంగు గట్టు వేసి, ఆరాక దానిమీద తెల్లగా కొంగల్ని దింపింది. కుంచె తడికి కింది గట్టంతా కరిగి లేచొచ్చింది. కొంగలు కాస్తా బురదలో పొర్లిన కోళ్ళయ్యాయి! ఆమె ఒక్కతే ఆ గదిలో పకపకా నవ్వింది. ఆ రంగు ఎన్నాళ్ళ కిందట ఆరినా సరే, నీళ్ళు తగిలితే లేస్తుందట. పైగా తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరాక ఇంకోటి. లేతది ముదురుతుంది, ముదురుది లేతవుతుంది. కళ్ళకి కనపడేది కాకుండా ఆరాక ఉండబోయేది ఊహించి వెయ్యాలి. ఏడు పాత బొమ్మలతో ఈ కొత్తవి కలవవు కాబట్టి పన్నెండూ మళ్ళీ మొదట్నుంచి. అయినా ఆమెకి భయం వెయ్యలేదు. ఆ మధ్యాహ్నాలు ఎక్కడికో తేలిపోయేవి. గిన్నెలో కుంచె కడిగితే నీలం పొగలా విచ్చుకునేది. ఆ పొగలోకి చూస్తూ ఉంటే గడియారం రెండు నుంచి నాలుగుకి ఒకే అడుగు వేసేది.

ఆ పొగలోనే ఒక్కొక్కటీ పైకి లేచేవి, తాను ఎప్పుడో పూత వేసేసిన సంగతులు. మూడో పుస్తకం అట్ట బొమ్మ ఆరబెడితే దానిమీద ఆయన వేడి గిన్నె దించాడు. "అట్టముక్క అనుకున్నానోయ్, సారీ" అన్నాడు. గుండ్రంగా కమిలిన మచ్చ. ఆమె ఆ మచ్చ మీద పసుపు వేసి చందమామని చేసేసింది. పుస్తకం చూసినవాళ్ళంతా చందమామ అద్భుతం అన్నారు, ఆయన కూడా అన్నాడు. ఆడపడుచు ఇంట్లో ఎవరికో పరిచయం చేస్తూ, "ఇంట్లోనే ఉంటుంది, కాలక్షేపానికి బొమ్మలు" అన్నాడు. దానిమీద ఒక చిరునవ్వు పూత. తన అమ్మకి ఒంట్లో బాగోలేదని వెళ్తానంటే, "వెళ్ళు, కాకపోతే వంట సంగతి చూసి వెళ్ళు" అన్నాడు. దానిమీద మూడు రోజులకి సరిపడా కూరల పూత. ఎన్ని పూతలు! అవన్నీ ఆరిపోయి గట్టిపడ్డాయనే అనుకుంది ఇన్నాళ్ళూ. కిటికీ దగ్గర కూర్చుని, కుంచె తడిపి తుడుస్తూ, కింద ఉన్నవాటిని తాపీగా చూసింది. కోపం వచ్చింది. చాలా కోపం. అది రావడం హాయిగా కూడా ఉంది.

లిక్విడు బదులు ఆ మందు లేని సబ్బు బిళ్ళ ఒకటి తెచ్చి సింకు దగ్గర పెట్టింది. రెండో రోజుకే అత్తగారు గ్లాసు వెలుతురుకి పట్టి, "జిడ్డు పోవట్లేదు" అంది. ఆయన, "ఇంట్లో అందరికీ పడేది నీకే పడదేం?" అన్నాడు. సాయంత్రానికి నిమ్మకాయ వాసన లిక్విడు తిరిగొచ్చేసింది. గ్లవ్స్ వేసుకుంటే లోపల చెమట పట్టి పగుళ్ళు నానిపోయాయి, పైగా గాజు గిన్నె జారి బద్దలైంది. "మా చేతులు పగల్లేదా? మేం ఏమైనా డాక్టర్ల చుట్టూ తిరిగామా?" అని అత్తగారు రెండు అరచేతులూ చాపి చూపించింది. ఆమె చూసింది. ఎండిన ఏటి అడుగులా నెర్రెలు. బొటనవేళ్ళు ఎంత అరిగిపోయాయంటే వేలిముద్ర యంత్రం ఆవిణ్ణి మనిషిగా గుర్తుపట్టదు, ప్రతిసారీ సంతకం పెట్టించుకుంటారు. ఆ మధ్యాహ్నం నది ఎండిపోయిన బొమ్మ వేస్తూ ఆమె ఆ నెర్రెలే వేసింది, ఒక్కటి కూడా వదలకుండా. వేస్తూ ఉంటే అత్తగారి మీద పెరిగిన విసుగు కాస్తా జాలిగా మారింది. ఆ చేతుల్ని కూడా ఎవరూ ఎప్పుడూ ఏమీ అడగలేదు కదా అనిపించింది.

అయిదు వారాల్లో తొమ్మిది బొమ్మలయ్యాయి. ఇంతలో ఆడపడుచు కుటుంబంతో దిగింది. నాలుగు రోజులు, మూడు పూటలా ఎనిమిది మందికి వంట, ఎనిమిది మంది అంట్లు. ఆ నాలుగు రోజులూ ఆమె కుంచె ముట్టుకోలేదు. చేతులు మాత్రం చీలి నెత్తురు కారాయి. ఎవరికీ చెప్పలేదు, లెక్క మాత్రం మనసులో తేలిపోయింది.

వాళ్ళు వెళ్ళిన మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె అన్నం వడ్డిస్తుంటే ఆయన పళ్ళెం అంచున చిన్న ఎర్రటి మరక పడింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. నిజంగానే కంగారుపడ్డాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇంక చాలు" అన్నాడు. "రంగులు మార్చావు, ఏమైంది? ఇవీ పడటం లేదు. నాకు తెలుసు, నువ్వు చెప్పవు. ఆ పుస్తకం వాళ్ళకి నేనే ఫోన్ చేస్తాను, వేరేవాళ్ళతో వేయించుకోమని."

ఫోను అప్పటికే చేతిలో ఉంది. అత్తగారు, "వాడు చెప్పింది నీ మంచికే" అంది. పదమూడేళ్ళ కూతురు తినడం ఆపి తల్లినే చూస్తోంది.

"నీకు చేతులు ముఖ్యమా, బొమ్మలు ముఖ్యమా? ఏదో ఒకటి నువ్వే తేల్చు" అన్నాడు ఆయన.

ఆమె కళ్ళు పడగ్గదిలోని బల్ల వైపు వెళ్ళాయి. పదో బొమ్మలో నది ఒక చీకటి అడవిలో ఆగి ఉంది. దాని నీళ్ళ మీద పడాల్సిన వెలుతురు ఇంకా వెయ్యలేదు. ఆ వెలుతురు తడిగా ఉన్నప్పుడు ఎంత తెల్లగా ఉంటే ఆరాక సరిపోతుందో ఆమెకిప్పుడు తెలుసు. ఫోను పట్టుకున్న ఆయన వేళ్ళు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. మంచి వేళ్ళు.

"చేతులే" అంది.

ఆయన హమ్మయ్య అనుకున్నాడు. అత్తగారు కూడా.

"చేతులే ముఖ్యం" అంది ఆమె మళ్ళీ, అన్నం గరిటె పక్కన పెట్టి. "అందుకే ఇవాళ్టి నుంచి అంట్లు మానేస్తున్నాను. నాలుగు రోజులు కుంచె ముట్టుకోలేదు, అంట్లే తోమాను, ఇదిగో ఇలా అయ్యాయి. డాక్టరమ్మ కాగితంలో మొదటి లైను నాది, నేను మార్చుకున్నాను. దాని కింద ఇంకో మూడున్నాయి. మీరు చదవకుండా మడిచారు."

ఆయన నవ్వబోయి మానేశాడు. "మరి ఎవరు తోముతారు?" అన్నాడు. అడుగుతూనే, అలవాటు కొద్దీ, ఆయన కళ్ళూ అత్తగారి కళ్ళూ ఒకేసారి కూతురి వైపు తిరిగాయి. ఆ పిల్ల అప్పుడే కంచం పట్టుకుని లేవబోతోంది.

ఆమె కూతురి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"అటు చూడకండి" అంది ఆయనతో. "నేనలా అంటున్నది దానికి చదువుందని కాదు. మీరు ఖాళీగా ఉన్నారని."