బస్వమ్మ బొటనవేలు

నవత ఫోన్ల దుకాణం జహీరాబాద్ బస్టాండ్ వెనుక సందులో, ఒక టైలర్ కొట్టుకూ ఒక ఎరువుల కొట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. పొద్దున పదింటికి షట్టర్ ఎత్తి, బల్ల మీది రబ్బరు చాపను తుడిచి, స్క్రూలు పోసుకునే సీసా మూతలను దగ్గరికి జరుపుకుని కూర్చుంటుంది. వచ్చినవాళ్లు "టచ్ పని చేస్తలేదు" అనగానే ఫోన్ విప్పే అలవాటు ఆమెకు లేదు. ముందు మనిషి చేతులు చూస్తుంది. చెమటా, తడా, నూనా? తర్వాత తెర మీద అతికించిన గార్డ్ అంచు గోటితో లేపి చూస్తుంది. చార్జింగ్ పెట్టినప్పుడే తెర దానంతటదే గెంతుతోందా అని అడుగుతుంది. సగం ఫోన్లు ఈ ప్రశ్నలతోనే బాగుపడి ఇంటికి వెళ్లిపోతాయి.

వేలిముద్ర తీసుకోవడం లేదని వచ్చేవాళ్లను మాత్రం ఇంకొకటి అడుగుతుంది.

"ఏం పని చేస్తవు? ఎన్నేండ్ల సంది?"

ఎందుకు అడుగుతోందో ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఒకే పని చేసిన చేతి గీతలు కొద్దికొద్దిగా, ఎంతో కాలం పట్టి, చేతిని వదిలేసి, ఆ చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువగా తాకినదాని మీదికి చేరుకుంటాయి. చెరుకు కొట్టేవాళ్లవి కొడవలి పిడి మీద దొరుకుతాయి. అల్లం తవ్వేవాళ్లవి పార కర్ర మీద. వేలికి గోరువెచ్చని నూనె రాసి, గీతలున్న చోట పది నిమిషాలు ఆనించి ఉంచితే అవి తిరిగి వేలెక్కుతాయి. పక్క కొట్టు టైలర్ గురులింగప్పవి కత్తెర కన్నంలో దొరికాయి. వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ తెరుచుకుంది కానీ, ఆ కత్తెర మాత్రం ఆ రోజు నుంచి బట్టను నమలడమే తప్ప కోయలేదు. ఇంకో కత్తెర తెచ్చుకున్నాడు. ఎవరూ దాని గురించి పెద్దగా మాట్లాడుకోలేదు.

ఒక మంగళవారం దుకాణం తెరిచేసరికే బస్వమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. పుట్టిన పిల్లలకు నూనె పెట్టి రుద్ది, కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోయడం ఆమె పని. ఊళ్లో ఆమె చేతి స్నానం ఎరగని పసిపిల్లలు తక్కువ. కొంగులో చుట్టిన ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నిన్న నీళ్ల గంగాళంల పడ్డది బిడ్డా. బియ్యంల పెట్టిన. తెర వెలుగుతుంది గానీ తెరుసుకుంటలేదు."

"బియ్యంల పెడితే దుమ్ము పోతది లోపలికి, పెద్దమ్మా. ఇంకోసారి పెట్టకు," అంది నవత. పిన్నుతో చార్జింగ్ రంధ్రంలోంచి ఒక నూక గింజ తీసి పక్కన పెట్టింది. "తాళం నంబరు కొట్టి తెర్వలేవా?"

"నంబరు నాకు తెల్వదు. పక్కింటి సదాశివ సారు పెట్టిండు. అది అడిగినప్పుడల్లా ఆయనే కొట్టిస్తడు. మొన్ననే కేదార్‌నాథ్ పోయిండు. ఫోన్ కలుస్తలేదు."

"వచ్చేదాక ఆగరాదు?"

బస్వమ్మ తల అడ్డంగా ఊపి చెప్పింది. నిన్న ఒక పాపకు స్నానం పోస్తుండగా వాట్సాప్‌లో ఎవరో గొంతు రికార్డు చేసి పంపిన మాట ఒకటి వచ్చింది. నంబరు ఎవరిదో తెలియదు. నూనె చేత్తోనే నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. 'అక్కా, నేను నారమ్మను' అని వినపడింది. అంతే, ఫోన్ చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

నారమ్మ ఆమె చెల్లెలు. ఇరవై రెండేళ్ల కింద లాతూర్ వైపు ఒక మరాఠీ డ్రైవర్‌ను చేసుకుని వెళ్లిపోయింది. బస్వమ్మ ఆ పెళ్లికి పోలేదు. పోకపోవడమే కాదు, ఇంటి ముందుకు వచ్చి పిలిచిన చెల్లెలిని లోపలికి రమ్మని కూడా అనలేదు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

"సిమ్ తీసి వేరే ఫోన్‌ల వేస్తె?" అంది బస్వమ్మ.

"వచ్చిన మాట ఆ ఫోన్‌లనే ఉంటది పెద్దమ్మా. అందులకు రాదు. దీన్నే తెర్వాలె."

నవత ఫోన్‌ను విప్పి, లోపల తడి ఆరబెట్టి మళ్లీ మూసింది. బ్యాటరీ తీగ మాత్రం ముట్టుకోలేదు. ఫోన్ ఒకసారి ఆరిపోయి వెలిగితే తాళం నంబరే అడుగుతుంది, వేలిని ఒప్పుకోదు. గార్డ్ పీకేసి, తెర కింద వేలు పెట్టే చోటు మెత్తటి గుడ్డతో తుడిచింది. బస్వమ్మ బొటనవేలు పట్టుకుని ఆనించింది. ఆకుపచ్చ వెలుగు వచ్చింది, ఫోన్ చిన్నగా వణికింది, 'సరిపోలలేదు' అని చూపించింది. తన వేలు పెట్టి చూసింది. అదే మాట.

"సెన్సార్ మంచిగున్నది. వేలు పెట్టింది దానికి తెలుస్తుంది. ఎవరిదో తెలుస్తలేదు," అంటూ భూతద్దం తీసి బస్వమ్మ కుడి బొటనవేలు చూసింది. వేలు కొస నునుపుగా, నది రాయిలా మెరుస్తోంది. అడ్డంగా ఒక పాత కొడవలి గాటు తప్ప ఒక్క గీత లేదు.

"ఎప్పటి సంది ఇట్ల?"

"పోయిన ఎండకాలం సంది పదిసార్లు పెడితే ఒకసారి తెరుసుకునేది. నిన్నటి సంది అది గూడ లేదు."

"ఇగ నీ గీతలు యాడికి పోయినయో దేవులాడాలె," అంది నవత. మధ్యాహ్నం దాకా వచ్చేవాళ్లను చూసుకొమ్మని గురులింగప్పకు చెప్పి షట్టర్ సగం దించింది. ఆమెకు ఇలాంటి పని వస్తే కుదురుగా కూర్చోబుద్ధి కాదు.

బస్వమ్మ ఇంట్లో వెతకాల్సినవి ఎక్కువ లేవు. కంచు నూనె గిన్నె అంచున చూపుడువేలు గీతలు కనిపించాయి. నీళ్ల చెంబు మెడ చుట్టూ ఎడమచేతి నాలుగు వేళ్లవీ ఉన్నాయి. పీట మీద అరచేతి గీత ఒకటి సన్నని వెంట్రుకలా పడి ఉంది. కుడి బొటనవేలిది మాత్రం ఎక్కడా లేదు. రొట్టెల పెనం చూశారు, తలుపు గొళ్లెం చూశారు, గోడకున్న అద్దం కూడా చూశారు.

"ఆ వేలితోని ఏం చేస్తవు పెద్దమ్మా? సరిగ్గ యాదికి తెచ్చుకో."

బస్వమ్మ కళ్లు మూసుకుంది. చేతులు వాటంతటవే గాలిలో కదిలాయి, ఒళ్లో పాప ఉన్నట్టే. వీపు, భుజాలు, పొట్ట, తొడలు. చివరికి రెండు చేతులూ ఒకచోట ఆగాయి. బొటనవేలు గాలిని గట్టిగా నొక్కి, గుండ్రంగా తిప్పింది.

"అరికాలు," అంది కళ్లు తెరిచి. "పసిపోరల అరికాలు."

"ఎంతమందివని చూస్తం?"

"అందరికి నలభై దినాలే పోస్త. ఒక్కతికి మాత్రం రెండేండ్లు రుద్దిన. అమర్నాథ్ బిడ్డ. ఏడో నెలల పుట్టింది. ఎడమ కాలు గుడ్డపేలికలెక్క ఉండె."

స్టేషన్ అవతల అమర్నాథ్ ఇల్లు కనుక్కోవడానికి గంట పట్టింది. ఆయన తలుపు తీసి బస్వమ్మను చూసి గుర్తుపట్టలేక, గుర్తుపట్టాక ఏం మాట్లాడాలో తెలియక, చివరికి "వర్షితా, జర ఇటు రా బిడ్డా" అని లోపలికి పిలిచాడు. ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల వచ్చింది. గదిలో తెరిచిన సూట్‌కేసు కనిపిస్తోంది. వచ్చే సోమవారం హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఫోన్లు మాట్లాడే ఉద్యోగంలో చేరాలి.

నవత విషయం చెప్పింది. వర్షిత ఆశ్చర్యపోలేదు గానీ, గబగబా కుర్చీలో కూర్చుని ఎడమ పాదం తిప్పి చూసుకుంది.

"ఇదేనా? నేను పుట్టుమచ్చ అనుకున్న."

పాదం మధ్య లోతులో, గిరగిర తిరిగిన గీతలు. భూతద్దం కింద మరీ స్పష్టంగా ఉన్నాయి, అడ్డంగా కొడవలి గాటుతో సహా.

"నా కాలికి ఏమైంది నాన్నా? నాకెన్నడు చెప్పలేదు గదా."

అమర్నాథ్ నేల చూశాడు. "నిలబడవన్నరు. ఈమె రోజు రెండు పూటల వచ్చేది. ఎండ లేదు, వాన లేదు. నడిచినంక ఇగ ఆ మాట ఎత్తబుద్ధి కాలె."

నవత అడగకముందే అమర్నాథ్ భార్య గిన్నెలో నూనె వెచ్చబెట్టి తెచ్చింది. బస్వమ్మ బొటనవేలు ముంచింది. వర్షిత పాదం తన ఒళ్లోకి తీసుకుంది. అంతలో ఆగిపోయింది.

"నవతా, ఆ టైలర్ కత్తెర ఏమైందన్నవు?"

గీతలు తీసేసుకున్నాక కత్తెర కోయలేదన్న సంగతి దారిలో నవతే చెప్పింది.

"వద్దు," అంది బస్వమ్మ. వేలు చీర కొంగుకు తుడుచుకుంది. "అది ఆడనే ఉండని."

"అవ్వా, తీసుకో. నీదే గదా," అంది వర్షిత. "నాకేం గాదు. ఇప్పుడు నడుస్తనే ఉన్న."

"దేనితోని నడుస్తున్నవో ఎవలకెరుక? నా చెల్లె మాట వినకున్నా బతుకుత. ఇన్నేండ్లు బతకలేదా?" లేచి చెప్పులు వెతుక్కోసాగింది.

వర్షిత తన పాదాన్నీ, నవత చేతిలోని ఫోన్‌నూ మార్చి మార్చి చూసింది.

"అక్కా, గీతలు వేలికే రావాల్నా? ఫోన్‌నే కాలి కాడికి తెస్తే?"

దుకాణం పెట్టిన ఎనిమిదేళ్లలో నవతకు ఈ ఆలోచన రానే లేదు. కొడవలి పిడిని ఫోన్‌కు ఆనిస్తే పని చేయదు, దానికి ప్రాణం లేదు. ఇది వెచ్చని చర్మం.

నేల మీద తువ్వాలు పరిచి ఫోన్ పెట్టారు. వర్షిత పాదం కడుక్కుని, పొడిగా తుడుచుకుని వచ్చింది. ఫోన్‌ను కాలితో తాకాల్సి వస్తున్నందుకు ముందే దాన్ని చేత్తో తాకి కళ్లకు అద్దుకుంది. పాదం మధ్యలోని లోతు తెరకు అందడం కష్టమైంది. నవత ఫోన్ ఎత్తి పట్టి, కొంచెం పక్కకు, కొంచెం పైకి జరిపింది. ఫోన్ ఒకసారి వణికింది. రెండోసారి వణికింది.

"తడి లేదు గదా? మెల్లగ. ఒత్తకు, ఆనించు."

మూడోసారి ఆకుపచ్చ వెలుగు గుండ్రంగా తిరిగి, తెర తెరుచుకుంది.

నీళ్లకు తెర కింది భాగంలో టచ్ చచ్చిపోయింది. మాట వినిపించే గుర్తు సరిగ్గా అక్కడే ఉంది. నవత ఫోన్‌ను అడ్డంగా తిప్పింది. తెర తిరిగి, ఆ గుర్తు పని చేసే వైపుకు వచ్చింది. నొక్కింది.

"అక్కా, నేను నారమ్మను. నీ నంబరు మనూరి మనిషి ఇచ్చిండు. నా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండక ముందే. బీదర్ దవాఖానల ఇరవై దినాలు అద్దాల పెట్టెల పెట్టిన్రు. ఇప్పుడు పానం మంచిగున్నదన్నరు గానీ, కాళ్లు ఆడిస్తలేదక్కా. బుధవారం పొద్దుగాల బస్సుకు లాతూర్ తోల్కపోతున్నం. నువ్వు రావాల్నని కాదు. ఎట్ల రుద్దాల్నో జర చెప్తే సాలు."

అందరూ వింటున్నారని మరిచిపోయి బస్వమ్మ ఫోన్‌తో మాట్లాడింది. "ఎట్ల రుద్దాల్నో నోటితోని చెప్తే వస్తదానే, పిచ్చిదానా!"

ఆ మధ్యాహ్నమే బీదర్ బస్సు ఎక్కింది. సంచిలో రెండు చీరలు, నూనె సీసా, నారమ్మ నంబరు రాసిన చీటీ పెట్టుకుంది. ఫోన్ మాత్రం వర్షిత చేతిలో పెట్టింది.

"నా కాడ ఉండి ఏం లాభం? నువ్వు ఉంటేనే తెరుసుకుంటది. ఎవలన్నా చేస్తే ఊరికి పోయిందని చెప్పు."

రాత్రికి నారమ్మ ఫోన్ నుంచి కబురు వచ్చింది. ఇద్దరూ కలుసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో బస్వమ్మ చెప్పలేదు. నేను గూడ లాతూర్ పోతున్న, ఎన్ని దినాలో తెల్వదు, అని మాత్రం అంది.

మరునాడు ఏడు కాకముందే ఆ ఫోన్ మోగింది. హమాలీ వాడ నుంచి ఒక బాలింత. "బస్వమ్మా, ఇంక రాలేదేంది? పాప ఏడుస్తుంది." ఊరికి పోయిందని వర్షిత చెప్పింది. అవతల ఎవరూ కసురుకోలేదు. "అయ్యో, మరి ఎవలు పోస్తరు?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న వర్షితను వదల్లేదు. కాఫీ తాగుతూ కాలు కిందికి దించి, మళ్లీ పైకి తీసి చూసుకుంది. తర్వాత చున్నీ వేసుకుని బయల్దేరింది.

ఆ ఇంట్లో గోడకు ఫోన్ ఆనించి పెట్టి, నారమ్మ నంబరుకు వీడియో కాల్ చేసింది. లాతూర్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని బస్వమ్మ చూపించసాగింది.

"కాళ్లు చాపు. దగ్గరికి జోడించు. తల నీ పాదాల వైపు. గట్ల కాదు, భయపడకు, అది నీ కంటే గట్టిది. ఇప్పుడు బొటనవేలు."

పాప మొదట గింజుకుంది, తర్వాత ఆ అమ్మాయి ముఖంలోకి చూస్తూ ఊరుకుంది. నీళ్లు పోయడంలో వర్షిత తానే సగం తడిసింది. బాలింత అత్త సాంబ్రాణి పట్టుకొచ్చి, "రేపు జర తొందరగ రా బిడ్డా" అంది.

గురువారం ఇంకో రెండిళ్ల వాళ్లు ఫోన్ చేశారు. శుక్రవారం సదాశివ సారు కొండ దిగి, ఫోన్ కలవగానే నంబరు చెప్పాడు. బస్వమ్మ ఫోన్‌కు నవత కొత్త తెర వేసింది, కొత్త తాళం నంబరు పెట్టింది.

"ఇగ నీ కాలితోని పని లేదు," అంది నవ్వుతూ. "బేఫికర్‌గ హైదరాబాద్ పోవచ్చు."

వర్షిత ఫోన్ తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున నారమ్మ ఫోన్ నుంచి బస్వమ్మ చేసింది. వెనుక పసిపిల్ల ఏడుపు గట్టిగా వినిపిస్తోంది.

"విన్నవా? ఇప్పుడు తంతుంది. కుడి కాలే, ఒక్కసారే తన్నింది. నారమ్మ వాడకట్టు అంత చెప్పొచ్చింది." తర్వాత గుర్తొచ్చినట్టు అడిగింది. "అవునుగని, ఇయ్యాల నువ్వు నౌకరీల చేరాల్సింది గదా? బస్సెక్కినవా?"

"లేదవ్వా," అంది వర్షిత. ఆమె గొంతు వెనుక నీళ్లు పోస్తున్న చప్పుడు, ఎవరిదో చిన్న గొంతు. "రానని చెప్పిన. మూడిండ్లున్నయి నాకు. ఒక్క నిమిషం ఆగు, ఈమెకు సబ్బు పెట్టిన, జారుతుంది."