మా ఆయన చెప్పారు

"కాలర్ కాస్త గట్టిగా నొక్కు. మీ పెద్ద మేడమ్ ముందు వరసలోనే కూర్చుంటుంది," అన్నాడు భర్త, కుర్చీలోంచి కదలకుండా.

ఆమె ఇస్త్రీపెట్టెను కాలర్ మీద ఇంకోసారి నడిపింది. శనివారం ఆమె పనిచేసే బడిలో టీచర్లందర్నీ కూర్చోబెట్టి, చిన్నపిల్లలకి ఇంగ్లీష్ జాతీయాలు ఎలా నేర్పాలో ఆయన చెప్పబోతున్నాడు. ఆయన కాలేజీలో ఇంగ్లీష్ లెక్చరర్. చిన్నపిల్లల చదువుతో ఆయనకున్న సంబంధమల్లా సొంత కొడుకుని "హోమ్‌వర్క్ అయిందా?" అని అడగడం వరకే, అదీ టీవీలోంచి తల తిప్పకుండా.

"అవునూ, ఆ సీతాకోకచిలకల సంగతి మళ్లీ చెప్పు. పిల్ల ఏడ్చింది కదా, తర్వాత నువ్వేమన్నావు? రాసుకుంటాను," అన్నాడు పెన్ను తీస్తూ.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది గానీ, చెబుతున్నది ఆయనకైనా చూస్తున్నది మాత్రం తన తరగతినే. క్లాసులో ఒక్క క్షణం నిలవని పిల్ల ఒకతి ఉంది, అందరూ బొంగరం అంటారు. భయం వేస్తే 'బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్' అంటారని పుస్తకంలో చదివి వినిపించిన రోజు, ఆ పిల్ల పొట్ట పట్టుకుని ఏడుపు లంకించుకుంది. సీతాకోకచిలకలు లోపలికెలా వెళ్లాయి, ఎలా బయటికొస్తాయి, నీళ్లు తాగితే మునిగిపోవూ? ఒకటే గోల. పుస్తకంలో అర్థం ఉంది, చదివి చెప్పింది. ఏడుపు ఆగలేదు. అప్పుడామె పుస్తకం మూసేసి పిల్ల పక్కన నేల మీద చతికిలబడింది. "మీ అమ్మ నిన్ను ఎప్పుడైనా 'నా తల తినకే' అందా?" "రోజూ అంటుంది." "మరి తిన్నావా? ఉప్పేసుకున్నావా, ఉత్తదే తిన్నావా?" బొంగరం వెక్కిళ్ల మధ్య ఆగి, నోరు తెరిచి, పకపకా నవ్వింది.

అంతే, తరగతికి తరగతే మీద పడింది. మా తాత నేను చెవిలో ఇల్లు కట్టుకున్నానంటాడు టీచర్! ఎన్ని గదులురా? మా నాన్నకి ఒళ్లు మండిపోయింది! ఫైరింజన్ వచ్చిందా మరి? నవ్వీ నవ్వీ అలిసిపోయాక ఆమె మెల్లగా అంది, "చూశారా, అన్న మాట ఒకటి, అర్థం ఇంకొకటి. ఈ విద్య మీకు ఇంట్లోనే వచ్చేసింది. ఇంగ్లీష్ వాళ్ల ఇళ్లలోనూ ఇలాంటి మాటలే ఉంటాయి." ఆ రోజు నుంచి ఏ ఇంగ్లీష్ జాతీయం చెప్పాలన్నా ముందు ఇంటి మాట, తర్వాత దాని బొమ్మ, తర్వాత ఇంగ్లీష్. పిల్లలు ఒక్కటీ మర్చిపోలేదు. బడి నుంచి వస్తూ ఆమెకి నేల మీద కాళ్లు ఆనలేదు. అంత గర్వం కొడుకు పుట్టినప్పుడు కూడా లేదు. అప్పుడు అభినందనలన్నీ ఆయనకే వెళ్లాయి.

బొమ్మలు భోజనాల బల్ల మీదే వేసేది, అందరూ తిని లేచాక. "ముందు ఈ చెత్త తీసి బల్ల తుడువు," అన్న నోటితోనే ఆయన ఇప్పుడు దాన్ని "మన పద్ధతి" అంటున్నాడు.

అలా అనడానికి ఆయనకి దారి వేసింది ఆమే. చాలాకాలం కిందట స్టాఫ్ మీటింగులో, పిల్లలకి పొద్దున్నే కథల పీరియడ్ పెడదామంది. ఎవరూ తలెత్తలేదు. మరుసటి నెల అదే మాటని "మా ఆయన అంటుంటారు, పొద్దున్నే కథలైతే..." అని మొదలుపెడితే పెద్ద మేడమ్ కళ్లజోడు సర్దుకుని మరీ విన్నది. అప్పట్నుంచి అది అలవాటైపోయింది. బేరమాడాలన్నా, సెలవు అడగాలన్నా, చుట్టాల దగ్గర కాదని చెప్పాలన్నా "మా ఆయన చెప్పారు" అంటే గొడవ లేదు. అత్తగారైతే పొంగిపోయేది, "మా కోడలు నోట్లో వేలు పెట్టినా కొరకలేదు, అన్నిటికీ మా వాడి మాటే" అని. కిందటి వారం పెద్ద మేడమ్ తరగతి చూసి, "ఎంత బాగుందమ్మా! ఎవరు నేర్పారు?" అన్నప్పుడు నోరు అలవాటు ప్రకారం "మా ఆయన" అనేసింది. సాయంత్రానికల్లా ఆయనకి ఫోనొచ్చింది. నేను కాదండీ, మా ఆవిడ అని ఆయన అనలేదు. "తప్పకుండా వస్తాను మేడమ్" అన్నాడు.

"ఉప్పేసుకున్నావా అన్నావు కదా," అంటూ రాసుకుంటున్న భర్త నవ్వాడు. "ఇది బాగా పేలుతుంది. నేనొకసారి క్లాసులో ఇలా అన్నానని చెబుతాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. బొంగరం పక్కన నేల మీద కూర్చున్నది తను. ఆ పిల్ల కన్నీళ్లు తుడిచింది తన చెంగుతో. అది కూడా ఇచ్చెయ్యాలా? ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపింది.

"శనివారం నేనే చెబుతానండీ."

"నువ్వా? నలుగురిలో నిలబడితే నీకు మాట పెగలదు."

"ముప్ఫైమంది పిల్లల ముందు రోజూ పెగులుతూనే ఉంది."

"పిల్లలు వేరు. అయినా నేనేమన్నా వెంటపడ్డానా? ఆవిడే పిలిచింది. నేను నేర్పానని చెప్పింది నువ్వే కదా!"

"నేనే. అందుకే ఇప్పుడు చెప్పాల్సింది కూడా నేనే," అంటూ ఫోన్ అందుకుంది. నంబరు నొక్కింది.

"మేడమ్, శనివారం మావారు రారు. ఆ పాఠం నేను చెబుతాను. అది నాది. ఆలోచన నాది, బొమ్మలు నావి, పిల్లలతో చేసి చూసుకుంది నేను."

ఆయన పెన్ను మూత పెట్టుకోవడం కూడా మర్చిపోయి చూస్తున్నాడు.

"అదేంటమ్మా," అంది పెద్ద మేడమ్, "మరి ఇన్నాళ్లూ అన్నీ మా ఆయన చెప్పారు, మా ఆయన చెప్పారు అన్నావు?"



"అలా అంటేనే మీరు విన్నారు మేడమ్."