కామా గారి పాఠకులు

డిజిటల్ విభాగాధిపతి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ తెర వైపు వంగాడు. పొద్దున పదింటికే అందరూ ఎక్కువగా చదివిన వాటిలో మొదటిది కామా రాసే శీర్షికే.

ముప్పై ఒక్కేళ్ల కిందట తనూ కామా ఇద్దరూ ఒకే రోజున ప్రూఫులు దిద్దడానికి పత్రికలో చేరారు. ఒక్క కామా కోసం అచ్చుయంత్రం ఆపించినందుకు అతనికి ఆ పేరు పడింది. అతను రాస్తూ ఉండిపోయాడు. ఇతను పంపిణీకి, అక్కణ్నుంచి ప్రకటనలకు, చివరికి వెబ్‌సైటుకు ఎగబాకాడు. అచ్చు సంచికను మూసేస్తూ సంతకం పెట్టింది ఇతనే. గాజు గది వచ్చింది, కారు వచ్చింది. ఉత్తరాలు మాత్రం కామాకే వచ్చేవి. ఇంట్లో భార్య కూడా ఫోన్లో ముందు ఆ శీర్షికే తెరిచేది.

"మీ ఫ్రెండు ఎంత బాగా రాశారో చూశారా?" అనేది.

ఇతను కాఫీ చల్లారిందని ఆమె మీద విసుక్కునేవాడు.

కిందటి వారం ఆ శీర్షికను ముందు పేజీ నుంచి తీయించి ఎక్కడో అడుక్కి తోయించాడు. కామా నవ్వేశాడు.

"ఎక్కడ పెట్టినా వెతుక్కుంటార్లేరా!"

వెతుక్కున్నారు కూడా. ఇక ఉండబట్టలేక, వచ్చే నెల నుంచి విశ్రాంతి తీసుకోమంటూ కామాకు మర్యాదగా ఓ ఉత్తరం టైపు చేశాడు. పంపబోతుండగా ఫోన్ మోగింది. కామా భార్య.

"అన్నయ్యగారూ, ఆయన ఇక లేరండీ. స్నానానికని లేచి, మళ్లీ మంచం మీద కూర్చున్నారు. అంతే."

ఏమన్నాడో తనకే గుర్తులేదు. ఉత్తరం చెరిపేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత తన చేత్తో ఓ వార్త, కామా మరణవార్త, రాశాడు. రాస్తూ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు.

"సార్, మీ పేరు పెట్టమంటారా?" అని అడిగింది సబ్ ఎడిటర్.

కళ్లజోడు సర్దుకుని, "పెట్టమ్మా" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆ వార్తను చదివినంత మంది ఆ సైటులో మరి దేన్నీ చదవలేదు. కింద వందల వ్యాఖ్యలు. తన పేరు కోసం ఒక్కొక్కటే వెతికాడు. ఎక్కడా లేదు. ఒకరు మాత్రం రాశారు: "ఇది కూడా ఆయనే రాసుకుని ఉంటే ఇంకా బాగుండేది."

చచ్చినవాడి మీద కూడా ఈ ఏడుపేమిటని తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అసూయ తగ్గలేదు. లేచి కింది అంతస్తుకు వెళ్లాడు. అందరూ భోజనాలకు వెళ్లినట్టున్నారు, కామా బల్ల దగ్గర ఎవరూ లేరు.

కుర్చీలో పాత దూది దిండు ఉంది. మధ్యలో, మనిషి కూర్చుని కూర్చుని పడిన గుంట ఇంకా పూడలేదు.