ప్యాసింజర్ బండి స్పీకరు

హిందూపురంలో బండి ఎక్కేటప్పుడే ఆనంద్ గట్టిగా అనుకున్నాడు. పెనుకొండ వచ్చేలోపు మేనకోడలు పవిత్ర మనసు మార్చాలి, తాను అక్కడ దిగి రెండో షిఫ్టుకు పోవాలి. ధర్మవరం బ్యాంకుదాకా పోయే పనే పడకూడదు.

పవిత్రకు ఢిల్లీలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ సీటొచ్చింది. నాలుగు లక్షల అప్పు కావాలి. ఫీజు గడువు రేపటితో సరి. వాళ్ల నాయన బెంగళూరులో కూలిపని చేస్తాడు. జీతం కాగితం లేని మనిషి మాట బ్యాంకుకు ఆనదు కదా! కార్ల విడిభాగాల కంపెనీలో నెల జీతగాడైన మేనమామ జామీను పడితేనే డబ్బు చేతికొస్తుంది. అక్క ఫోన్ చేసినప్పుడు కాదనలేక సరేనన్నాడు గానీ, అప్పటినుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు.

"సూడు పాపా, నేనూ అదే సదువు సదివినా. ఏమొచ్చె? ప్రైవేటు కాలేజీలో ఏడు వేలిచ్చిరి, అందులో సగం బ్యాంకోల్లకే పాయె. మీ అత్త మెడలో చైను కూడా పాయె. మావోడు బడికి పోబట్టినాక గానీ ఆ బాకీ తీరలా. ఇప్పుడు డబ్బాలు లెక్కబెట్టేదానికి నాకు ఎం.ఏ. కావాల్నా?"

పవిత్ర కిటికీలోంచి చూస్తూ వింటోంది.

"మా కంపెనీలో డిగ్రీవాళ్లకు పదహైదు వేలిస్తాండారు. ఈడ రెండేండ్లు చేస్తే చేతిలో దుడ్లుంటాయి. ఆడ రెండేండ్లు సదివితే నెత్తిన అప్పుంటాది."

"ఆ లెక్క నేనూ ఏసుకుంటి మామా. ఉద్యోగం రాకుంటే మీ కంపెనీకే వస్తా. ఎన్నేండ్లయినా కడ్తా. మీ డబ్బాలు యాడికీ పోవు కదా."

ఆనంద్‌కు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఈ పిల్ల, అచ్చం వాళ్లమ్మే.

"అట్లయితే నువ్వెందుకు సదివినావు మామా?"

"బుద్ధి గడ్డి తిని. అంతా మా చిన్నస్వామి సారు సేసిన పని. ఈ బండిలోనే పాడయిపోతి నేను."

అక్కడే నోరు జారాడు. ఆ మాట మొదలుపెట్టాక ఆపడం అతని చేతుల్లో లేదు.

హిందూపురంలో సీటు దొరక్క ధర్మవరం కాలేజీలో డిగ్రీకి చేరిన రోజులవి. పాఠం చెప్పే చిన్నస్వామి సారు కూడా ఇదే బండిలో వచ్చేవాడు. పుస్తకంలోది బుర్రకెక్కడం లేదని ఒకరోజు రైలు పెట్టెనంతా అసెంబ్లీ చేసేశాడు. కిటికీ పక్కవాళ్లు ప్రభుత్వం, దారి పక్కవాళ్లు ప్రతిపక్షం. చింతపండు మూట మీద కూర్చున్నవాడు స్పీకరు, చాలాసార్లు అది ఆనందే. పట్టునూలు ధర, బోరుబావుల లోతు, కోత అయిన చేనికాడ గొర్రెల మంద... అన్నీ చర్చకొచ్చేవి. పెనుకొండ కొండ కనబడగానే ఓటింగు. కొందరు సగంలో చెయ్యెత్తి దిగిపోతుంటే సారు ఒక నియమం పెట్టాడు. దిగిపోయేవాళ్ల ఓటు చెల్లదు. ఓట్లు సమానమైతేనే స్పీకరు నోరు తెరిచి తన ఓటు చెప్పాలి.

"ఒగసారి పూలమ్మే బాలనాగమ్మ లేచి, బుట్టమీద కాళ్లు పెట్టే మంత్రి మాకొద్దనె. అందరూ చేతులెత్తిరి. ఆ మంత్రిని నేనే!"

ఆనంద్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. ఆ మూడేళ్లలో తన మాటను పెద్దవాళ్లు ఆగి వినేవాళ్లు. అంతకుముందెప్పుడూ, ఆ తర్వాతెప్పుడూ అంత సంతోషంగా లేడు. ఇన్నేళ్లుగా చదువు లాభనష్టాలు ఎన్నిసార్లు లెక్కేసినా ఆ మూడేళ్లను ఏ వరుసలోనూ వేయలేదని అప్పుడే తట్టింది.

"ఇంకా నాపేరు తల్సుకుంటాండావా స్పీకరప్పా?"

వెనక వరుసలోంచి కనకాంబరాల బుట్టతో ఒక ముసలామె తొంగిచూసింది. బాలనాగమ్మే. జుట్టు తెల్లబడింది గానీ గొంతు అదే. సంగతంతా విన్నట్టుంది, "ఆ పిల్ల యవ్వారం ఓటుకు పెట్టప్పా, మనకేమన్నా కొత్తనా?" అంది.

బండి పెనుకొండలో ఆగింది. ఎందుకో సిగ్నల్ పడలేదు. పెట్టెలో ఉన్న నలుగురైదుగురు వేడుకగా ఇటు తిరిగారు. పిల్ల అప్పు చేసి చదవచ్చా, చదవకూడదా? చీరల మూటతో ఉన్న నేతగాడూ, కాలేజీ పిల్లాడూ చదవమని చెయ్యెత్తారు. ఒక తాపీమేస్త్రీ వద్దన్నాడు. బాలనాగమ్మ కూడా వద్దనే చెయ్యెత్తింది.

"ఏమనుకోవద్దు తల్లీ. అప్పంటే నాకు బయం."

అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. పవిత్ర మొహం పాలిపోయింది. ఆట అని అందరికీ తెలుసు, ఆమెకు తప్ప.

ఆనంద్ అప్పటికే సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్క అడుగేస్తే ప్లాట్‌ఫారం. షిఫ్టుకు టైముంది. వెనక నుంచి పవిత్ర బతిమాలలేదు, ఏడవలేదు.

"దిగిపోయేవాళ్ల ఓటు చెల్లదు కదా మామా?" అని మాత్రం అడిగింది.

అతను కొండకేసి చూశాడు. అప్పూ నిజమే, భార్య మెడలోంచి పోయిన చైనూ నిజమే. రేపు ఈ పిల్ల కట్టలేకపోతే తన జీతంలోంచే పోతుంది. భయం వేసింది. ఆ భయంతోనే అక్కడ నిలబడ్డాడు.

కూత వినబడింది. బండి కదిలింది. ప్లాట్‌ఫారం వెనక్కి జరిగిపోయింది.

ఆనంద్ లోపలికొచ్చి సంచీ కింద పెట్టాడు. చింతపండు మూట ఏదీ లేదు కాబట్టి సీటు అంచునే కూర్చున్నాడు.

"తీర్మానం నెగ్గె" అన్నాడు, ఎన్నేళ్లుగానో వాడని గొంతుతో. "ఇంగ సభలో ఎవురూ గలాటా సెయ్యాకండి."