కత్తెర గుర్తు చేపలు

పొద్దున్నే మైసయ్య చాటలోని తునికాకుల కింద చెయ్యి పెట్టి కత్తెర వెతుకుతున్నాడు. వేళ్లు నీళ్లలో నాని నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గోళ్ల సందుల్లో నీసు. ఎంత తోమినా పోయేది కాదు.

"ముట్టకు!" అంది పెళ్లాం సత్యవ్వ పొయ్యి దగ్గరి నుంచే. "నా బీడీల కత్తెరతోని చేపల తోకలు కోస్తివి. కార్ఖానల నీసు వాసనని కట్టలకు కట్టలు ఇసిరికొట్టిరు."

"ఇయ్యాల కొయ్యనియి దొరికితెనే కోస్తనే. దొరకాలని మొక్కు."

ఆమె మొక్కలేదు. కత్తెర మాత్రం గుంజుకోలేదు.

సంగతేమిటంటే, వానాకాలం మొదట్లో చేపల ఆఫీసు సారు ఒకాయన వచ్చి, పట్టిన చేపలకు తోక కొస కత్తిరించి మళ్లీ చెరువులో వదలమన్నాడు. ఇంకోసారి వల వేసినప్పుడు కోసినవి అరుదుగా కనిపిస్తే లోపల చేప నిండా ఉన్నట్టు; కోసినవే మళ్లీ మళ్లీ వస్తే చెరువు అడుగంటినట్టు. ఆ కూలి పనికి మైసయ్య ఒక్కడే ఒప్పుకున్నాడు. తర్వాత అవి వేరేవాళ్ల వలల్లో పడి కోరుట్ల అంగడికి పోతే, జనం రోగం చేపలని ముట్టుకోలేదు. అప్పటి నుంచి చేపలు పట్టేవాళ్ల సంఘంలో అతనితో బీడీ పంచుకునేవాడు లేడు.

ఇప్పుడు సకల జనుల సమ్మె. సారు కూడా సమ్మెలోనే కూర్చున్నాడు. బస్సులు లేవు, కోస్తా నుంచి చేపల లారీలు లేవు, దసరా ముందర చెరువు చేపకు ఎప్పుడూ లేని గిరాకీ. సంఘం పెద్ద మొండయ్య కట్ట మీద సన్నకన్ను వల పరిపించాడు. వేలెడంత పిల్ల కూడా తప్పించుకోలేని వల.

"ఒక్కసారి పెద్దకన్ను వల ఎయ్యనియ్యి, మొండయ్యా. చూసినంక నీ ఇష్టం."

"ఏందే మైసన్నా, సారే సమ్మెల ఉన్నడు. నువ్వేమన్న కలెక్టరువా?" అందరూ నవ్వారు. "ఎయ్యి, ఎయ్యి. గిదే ఆఖరు."

మైసయ్య నడుము లోతు నీళ్లలో నిలబడి వల లాగాడు. పక్కటెముకలు ఒక్కొక్కటే తేలి మునుగుతున్నాయి. చూపంతా తోకల మీదే. రవ్వ చేప వచ్చింది, కోసిందే. బొచ్చె వచ్చింది, అదీ కోసిందే. తన లెక్క అబద్ధమైతే బాగుండునని ఎంత ఆశపడ్డాడో ఉబ్బిన ఆ మెడ నరాలే చెప్పాయి. చివరకు ఒక్క బంగారుతీగ చేప నిండు తోకతో వచ్చింది. దాని కొస కత్తిరించాడు. నవ్వబోయి ఆగాడు.

"మళ్ల మళ్ల నేను కోసినయే వస్తున్నయి. లోపట వేరేయి లేవు. పిల్లలనన్న పెరగనియ్యుండ్రి. గవి గూడ ఊడ్సుకపోతే ఎండకాలం నీళ్లే పట్టుకుంటం."

"పడ్డయి గద చేపలు! లేవంటవేందే?" మొండయ్య భుజంతో ఒక్క తోపు తోశాడు. "ఇంకో మాట మాట్లాడితె సంఘంల నీ పేరు కొట్టేస్త."

మైసయ్య నీళ్లలో కూలబడ్డాడు. ఎవరూ చెయ్యివ్వలేదు. తనే లేచి, వాళ్లు తిడుతూ ఉండగానే, వలలోని చేపలన్నిటినీ వదిలేశాడు. కట్ట ఎక్కి రాయికి ఆనుకుని కూర్చున్నాడు.

వాళ్లు సన్నకన్ను వల ఎత్తుకున్నారు.

"జరుగే మైసన్నా, తాడు నీ కింద ఉన్నది," అన్నాడు మొండయ్య.

జరగలేదు. రెండోసారి కసిరాడు. మూడోసారి అనలేదు.

సంఘంలో చావైతే దినాలు అయ్యేదాకా వల నీళ్లలో పడకూడదు. తాతల నాటి కట్టు అది, మొండయ్యకైనా దాటరానిది. దసరా ఆ లోపలే వెళ్లిపోయింది. సన్నకన్ను వల కట్ట మీదే ఎండింది.

"సచ్చి గూడ అడ్డం పడ్డడు," అని మొండయ్య పాడె మోస్తూనే సణిగాడు.

దినాలు అయ్యాక సత్యవ్వ మళ్లీ చాట ముందేసుకుని కూర్చుంది. ఆకు కోయడానికి కొత్త కత్తెర కొనుక్కుంది. పాతది చాట అంచున అట్లాగే ఉంది, రెక్కల నడుమ ఎండి అతుక్కున్న బంగారుతీగ తోక ముక్కతో.